తొమ్మిదిన్నరకి గీసిన గీత

బీటెక్‌లో నేను ఎంతమందికి ప్రాక్సీ వేశానో లెక్కలేదు. అటెండెన్స్ కాగితం మా బెంచీ మీదికి వస్తే నా సంతకంతో పాటు ఇంకో ముగ్గురివి పెట్టేదాన్ని. ఒకరిది వంకరగా, ఒకరిది కొక్కిరి గీతల్లా, ఎవరిది వాళ్లే పెట్టినట్టు. ఎప్పుడైనా లెక్చరర్ పట్టుకుంటే, "బయటే ఉంది సార్, నీళ్లు తాగడానికెళ్లింది" అని రెప్ప ఆర్పకుండా చెప్పేదాన్ని. అంత ఆరితేరిన దాన్ని, కెనడాలో, వాటర్లూలో ఒక మార్చి ఉదయం, నిజంగానే బయట ఉన్న మనిషికి ఒక్క సంతకం పెట్టలేకపోయాను. చెప్పుకుంటే తగ్గుతుందని ఎవరో అంటే నమ్మి ఇప్పుడు రాస్తున్నాను. తగ్గుతుందన్న ఆశ మాత్రం పెద్దగా లేదు.

హైదరాబాదులో ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, ఇరవయ్యెనిమిదో ఏట నేను మళ్లీ కాలేజీలో చేరాను. అందరూ కెనడాకి ఎగబడుతున్న కాలం అది. మా విమానంలో సగంమంది చేతుల్లో ఒకే కన్సల్టెన్సీ వాళ్ల నీలం ఫైలు ఉంది. కాలేజీ కారిడార్‌లో ఎవరైనా "ఒరేయ్" అంటే పదిమంది వెనక్కి తిరిగేవాళ్లు. తెనాలి, కరీంనగర్, కడప అని తేడా లేకుండా ఆరుగురు ఆడపిల్లలం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఆరుగురికీ చదువు మీద కంటే పీఆర్ మీదే, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి మీదే ధ్యాస. ఆ మాట పైకి అనకూడదని కన్సల్టెంట్ గారు ముందే హెచ్చరించారు కాబట్టి, ఎవరడిగినా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటే ప్రాణం అని చెప్పేవాళ్లం.

నాకు ఒక ఇండోర్ టెన్నిస్ క్లబ్బులో పార్ట్‌టైమ్ దొరికింది. ఫ్రంట్ డెస్క్‌లో కూర్చుని కోర్టులు బుక్ చెయ్యడం, తువ్వాళ్లివ్వడం, ఫోనెత్తడం. మా తెనాలిలో టెన్నిస్ అంటే ఆఫీసర్స్ క్లబ్బులో పొట్టలున్న అంకుల్స్ తెల్ల నిక్కర్లేసుకుని సాయంత్రాలు ఆడుకునేది. అంతకు మించి నాకు ఓనమాలు కూడా రావు. అయితే క్లబ్బులో రాకెట్లకి తీగలు కట్టే పెద్దాయనకి చూపు మందగించి, ఆ పని నాకు నేర్పాడు. రాకెట్‌ని మెషీన్ మీద బిగించి, ముందు నిలువు తీగలు లాగి, తర్వాత అడ్డ తీగల్ని ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి దూర్చుకుంటూ పోవాలి. నవారు మంచం అల్లినట్టే. మా అమ్మమ్మ పక్కన కూర్చుని చిన్నప్పుడు చూసిన పనే కాబట్టి తొందరగానే పట్టుబడింది.

జనవరిలో అతను వచ్చాడు. ఫ్రాన్సు మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్లు, సన్నగా, పొడుగ్గా, కుడి మోకాలికి ఎప్పుడూ నల్ల పట్టీ. టెన్నిస్ ఆడడమే వృత్తి. ర్యాంకు ఏడొందల పైచిలుకు. మార్చిలో మా క్లబ్బులోనే ఒక చిన్న ప్రొఫెషనల్ టోర్నమెంట్ ఉంది, అందాకా ఇక్కడే ప్రాక్టీసు చేసుకుంటానన్నాడు. తనతో పొద్దున్నే గంటసేపు ఆడితే చాలని క్లబ్బు మెంబరొకాయన తన ఇంట్లో గది ఇచ్చాడు. మొదటి రోజు నేను, "మీరు టీవీలో వస్తారా?" అని అడిగాను. బుద్ధి ఉన్నవాళ్లెవరూ అడగరు.

"వచ్చాను ఒకసారి. వీపు కనబడింది" అన్నాడు.

అతని కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది, ఎక్కువగా అతని రాకెట్లు మెషీన్ మీద ఉన్నప్పుడు. ఫ్రాన్సులో లియోన్ దగ్గర చిన్న ఊరు. వాళ్ల ఊళ్లో ఎవరూ ఎరగనంత బాగా ఆడేవాడు. పంతొమ్మిదో ఏట పారిస్‌లో జరిగే పెద్ద పోటీలోకి, అసలు ఆటకి ముందు జరిగే క్వాలిఫయింగ్‌కి, వాళ్లంతట వాళ్లే పిలిచి చోటిచ్చారు. ఒక మ్యాచ్ గెలిచాడు. వాళ్లమ్మ ఉడకబెట్టిన గుడ్లు డబ్బాలో పెట్టుకుని రైల్లో వచ్చిందట. ఊరి పేపర్లో ఫొటో వేశారట. ఆ తర్వాత పన్నెండేళ్లు ట్యునీషియా, టర్కీ, ఈజిప్టు. అక్కడ హోటళ్ల వెనకే కోర్టులుంటాయి, వారం వారం చిన్న టోర్నమెంట్లు జరుగుతాయి. చూడటానికి ఎవరూ రారు. నిన్న ఓడించినవాడే ఇవాళ బఫేలో పక్కన నిలబడి గుడ్డట్టు వేయించుకుంటాడు. ఒకే ఒక్కసారి అతని ర్యాంకు రెండొందల నలభై దాకా వెళ్లింది.

"అప్పుడెలా అనిపించింది?" అని అడిగాను.

"తెలీదు. ఆ వారమంతా జ్వరంతో పడుకున్నా. లేచేసరికి కిందికి జారాను."

నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ర్యాంకుల గొడవ నాకూ ఉంది. టెన్నిస్‌లో గెలిచిన పాయింట్లు ఏడాదే నిలుస్తాయట. మళ్లీ అదే వారం వచ్చేసరికి అవి పోతాయి, కొత్తవి తెచ్చుకోకపోతే కిందికి జారడమే. మా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కూడా అచ్చం అంతే. పీఆర్ ఇవ్వడానికి వయసుకిన్ని, చదువుకిన్ని, ఇంగ్లీషుకిన్ని అని పాయింట్లు వేసి అందరినీ వరసలో నిలబెడతారు. ముప్ఫై దాటితే ప్రతి పుట్టినరోజుకీ కోత. ఇంకొన్ని నెలల్లో నాకు ముప్ఫై. ఒకరోజు నా పాయింట్ల పేజీ ఫోన్లో తీసి చూపించాను. చాలాసేపు శ్రద్ధగా చూసి, "నీదీ నాలాంటి ర్యాంకే" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అందులో అబద్ధం లేదు కాబట్టే వచ్చింది.

అప్పట్లో మా బేస్‌మెంట్‌లో అందరి నోటా ఒకటే మాట, ఫ్రెంచి. ఫ్రెంచి వస్తే ప్రత్యేకంగా పాయింట్లిస్తున్నారని. కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేట్ ఒకర్తి నన్ను రోజూ పొడిచేది. "గంత ఫ్రెంచాయన నీ ముంగటనే తిరుగుతుంటే ఆప్‌లల్ల నేర్చుకుంటవేందే పిచ్చిదానా!" అని. అలా బేరం కుదిరింది. అతని రాకెట్లకి నేను తీగలు కడతాను. కట్టినంతసేపూ అతను నాతో ఫ్రెంచిలోనే మాట్లాడతాడు. ప్రతి రాకెట్‌కీ ఒక చీటీ ఉండేది, తీసుకునేటప్పుడు దాని మీద సంతకం పెట్టాలి. అతని సంతకం నేను ఎన్నిసార్లు చూశానో. పొడుగు గీత, దాని కింద చిన్న చుక్క. కళ్లు మూసుకుని పెట్టగలను.

ఫిబ్రవరి చివర్లో ఒకరోజు తీగలు లాగుతుంటే అతను ఆ సంగతి చెప్పాడు. పోయిన ఏడాది సరిగ్గా మా టోర్నమెంట్ వారంలోనే టర్కీలో కొన్ని మ్యాచ్‌లు గెలిచాడు. అతనికున్న పాయింట్లలో ఎక్కువ అవే. ఆ వారం దాటితే అవి పోతాయి. ఇక్కడ కొత్తవి తెచ్చుకోకపోతే ఇలాంటి చిన్న టోర్నమెంట్ల గుమ్మం కూడా తొక్కనివ్వనంత కిందికి పడిపోతాడు. "ఇక్కడ గెలిస్తే ఇంకో ఏడాది ఆడతా. లేకపోతే మా బావకి టైర్ల షాపుంది. మా అక్క మూడేళ్లుగా అడుగుతోంది" అన్నాడు. ఆడగలడా అని నాకు అనుమానం లేదు. నెల రోజులుగా ప్రాక్టీసుకి వచ్చిన కుర్రాళ్లందరినీ అతను ఉతికి ఆరేయడం డెస్క్ దగ్గరనుంచి చూస్తూనే ఉన్నాను. లోపలికి వెళ్లడమే కష్టం. క్వాలిఫయింగ్ లిస్టు వచ్చింది. సరిగ్గా ఒక్క చోటు తేడాలో అతని పేరు బయట ఉండిపోయింది.

బయట ఉన్నవాళ్లకి ఒక దారి ఉంది. ఆల్టర్నేట్ అంటారు. ఆట రోజు పొద్దున తొమ్మిదికి ఒక కాగితం పెడతారు. తొమ్మిదిన్నర లోపు స్వయంగా వచ్చి అందులో సంతకం పెట్టాలి. పదింటికి మొదలయ్యే ఆటలో ఎవరైనా తప్పుకుంటే, సంతకం పెట్టినవాళ్లలో మంచి ర్యాంకు ఎవరిదైతే వాళ్లకి ఆ చోటు. బయట ఉన్నవాళ్లలో అందరికంటే పైనున్నది అతనే. ఎవరో ఒకరు తప్పుకోకుండా ఉండరు, నడుమో భుజమో పట్టేస్తుంది. కాబట్టి అతను చెయ్యాల్సిందల్లా సంతకం పెట్టడమే. ఆ కాగితం దగ్గర వాలంటీరుగా నన్ను కూర్చోబెట్టారు.

రిఫరీ అరవై ఏళ్ల ఆవిడ, తెల్ల జుట్టు, మెడలో రెండు కళ్లజోళ్లు. "తొమ్మిదిన్నరకి చివరి పేరు కింద గీత గీసి నాకు తెచ్చివ్వు" అంది. అంతే చెప్పింది.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే నా పిరికితనం అర్థం కాదు. అంతకు రెండు వారాల ముందు మా ఆరుగురిలో ఒకమ్మాయిని వెనక్కి పంపేశారు. వాళ్ల కన్సల్టెన్సీ వాడు ఆమెకి తెలియకుండానే ఫైల్లో ఒక దొంగ బ్యాంకు లెటర్ పెట్టాడు. మిస్‌రిప్రజెంటేషన్ అన్నారు, అంటే అబద్ధపు కాగితాలు చూపించిందని. ఐదేళ్లు ఈ దేశం మొహం చూడకూడదు. రెండు సూట్‌కేసులతో ఆమె మెట్లెక్కి వెళ్తుంటే మేం ఐదుగురం ఆ సూట్‌కేసుల్ని మోశాం. ఆ వారమే మా కన్సల్టెంట్ గారు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు. "అమ్మా, ఏ కాగితం మీదా మీది కాని సంతకం పెట్టొద్దమ్మా. ఇక్కడ అన్నీ చూస్తారు." ఆ తర్వాత రూమ్మేట్‌కి పార్సిల్ వచ్చినా ఆమె బదులు సంతకం పెట్టడానికి నా చెయ్యి ఆడేది కాదు. అనుమానం పెనుభూతం అంటారు. నాకు కాగితమన్న ప్రతిదాంట్లోనూ ఆ భూతమే కనబడేది.

ఆ ఉదయం వాన పడుతూనే గడ్డకడుతోంది. కార్ల మీద, చెట్ల మీద, కరెంటు తీగల మీద గాజు పూత పూసినట్టు మంచు. నేను డబ్బాలో పులిహోర తెచ్చాను, గెలిస్తే పెడతానని మాటిచ్చాను. తొమ్మిదికి కాగితం పెట్టాను. నలుగురు వచ్చి సంతకాలు పెట్టారు. అతను లేడు. తొమ్మిదింపావు అయింది, ఇరవై అయింది. తొమ్మిదీ ఇరవయ్యారుకి ఫోన్.

"ట్రైన్ మధ్యలో ఆగిపోయింది. దిగి పరుగెడుతున్నా. క్లబ్బు బోర్డు కనబడుతోంది నాకు. నా పేరు రాసెయ్. నా సంతకం నీకు తెలుసుగా."

రొప్పుతున్నాడు. కాలి కింద మంచు పటపటలాడడం ఫోన్లో వినబడుతోంది. నేను "త్వరగా రా" అన్నాను. ఫ్రెంచిలోనే అన్నాను. అతను నేర్పిన మాటే.

నాలుగు నిమిషాలు. పెన్ను నా చేతిలోనే ఉంది. కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాటు చివర, రోడ్డుకి అవతల, బ్యాగు వేసుకుని జారుతూ వస్తున్న మనిషి కనబడ్డాడు కూడా. రిఫరీ పక్క కోర్టులోనే ఉంది. వెళ్లి అడగడానికి అరనిమిషం పట్టదు. అడగాలని నాకు తోచలేదు. తోచలేదో, తోచనివ్వలేదో. భయం ఒక్కటే అని చెప్పుకుంటే సుఖంగానే ఉంటుంది గానీ, అది సగమే. ఈ దేశానికి వచ్చాక మొదటిసారి నా చేతికి ఒక జాబితా ఇచ్చారు. ఎవరుండాలో, ఎవరుండకూడదో రాసుకునే జాబితా. అన్నాళ్లూ నేను జాబితాల్లో ఉన్నదాన్నే తప్ప పట్టుకున్నదాన్ని కాదు. ఆ గర్వం కూడా ఉంది. గోడ గడియారంలో ముల్లు ఆరు మీదికి రాగానే గీత గీశాను. స్కేలు పెట్టి మరీ గీశాను.

తొమ్మిదీ ముప్ఫై నాలుగుకి తలుపు తోసుకుని వచ్చాడు. కనుబొమల మీద మంచు. నా మొహం చూడగానే అర్థమైపోయింది. కాగితం తీసుకుని తనే రిఫరీ దగ్గరికి నడిచాడు. ఆవిడ గీతని చూసింది, గడియారాన్ని చూసింది, "సారీ" అంది. అతను తల ఊపాడు. వాదించలేదు. ఇన్నేళ్లలో ఎన్ని సారీలు విన్నాడో.

తొమ్మిదీ యాభైకి ఒక ఆటగాడు నడుం పట్టుకుని కుంటుతూ వచ్చి తప్పుకుంటున్నానని చెప్పాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ సామెత విన్నప్పుడల్లా నేను వరం అందని మనిషి పక్షానే నిలబడి పూజారిని తిట్టుకునేదాన్ని. ఆ రోజు పూజారిని నేనే. ఆ చోటు అమెరికా యూనివర్సిటీలో చదువుకునే ఒకతనికి వెళ్లింది. స్నేహితుడి ఆట చూడ్డానికి వచ్చి, సరదాకి సంతకం పెట్టినవాడు. నలభై నిమిషాల్లో ఒకే ఒక్క గేమ్ గెలిచి ఓడిపోయి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఫ్రెంచి అతను ఆ మ్యాచ్ మొత్తం అద్దం వెనక నిలబడి చూశాడు. నేను డెస్క్ దగ్గర కూర్చుని అతన్ని చూశాను. లేచి దగ్గరికి వెళ్లే ధైర్యం లేదు.

సాయంత్రం బల్లలు మడుస్తుంటే రిఫరీ వచ్చింది. "ఆ ఫ్రెంచి అతను పొద్దున ఫోనేమైనా చేశాడా?" అని అడిగింది. చేశాడన్నాను.

"మరి పేరు రాయాల్సింది. పార్కింగ్‌లోకి వచ్చేశానని ఫోన్ చేస్తే మేం రాసేస్తాం. ఎప్పుడూ చేసే పనే" అంది. "నువ్వు గీత గీసేశాక నేనేం చెయ్యను?"

తిట్టలేదు. తప్పు నాదని కూడా అనలేదు. బల్ల కాళ్లు మడవడంలో నాకు సాయం చేసి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

బేస్‌మెంట్‌కొచ్చి ఏడుస్తూ చెబితే కరీంనగర్ రూమ్మేట్ అంతా విని నాకు టీ పెట్టిచ్చింది. తర్వాత మెల్లగా, "ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. గదే మనోడైతే రాస్తుంటివా లేదా?" అంది.

రాసేదాన్ని. తెలుగులో "అక్కా, గేటు దగ్గరున్నా, రాసెయ్యక్కా" అని ఎవడైనా అని ఉంటే, ఏ భూతమూ గుర్తొచ్చేది కాదు. చెయ్యి దానంతట అదే రాసేది. ఆ సంగతి నాకు ఆమె అడిగేదాకా తెలియదు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాను.

మర్నాడు అతను క్లబ్బుకి వచ్చాడు. నాలుగు రాకెట్లు డెస్క్ మీద పెట్టాడు. నాలుగింటికీ నేను ఆటకి ముందురోజే కొత్త తీగలు కట్టి ఇచ్చాను, బంతి కూడా తగల్లేదు వాటికి. "కోసెయ్" అన్నాడు. చాన్నాళ్లు ఆడని రాకెట్‌లో తీగలు అలాగే ఉంచితే లాగుడికి ఫ్రేము వంకరపోతుంది. అందుకని కోసేసి దాచిపెడతారు. చాన్నాళ్లు అంటే ఎన్నాళ్లని నేను అడగలేదు. కత్తెర తీసుకుని మధ్యలోనుంచి మొదలుపెట్టాను. ఒక్కో తీగ తెగినప్పుడల్లా టప్పుమని శబ్దం. నాలుగు రాకెట్లయ్యేసరికి డెస్క్ మీద పక్షిగూడంత చిక్కు. అప్పుడు ఏడుపొచ్చింది. మిస్‌రిప్రజెంటేషన్ గురించి, సూట్‌కేసుల గురించి, అన్నీ చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"మా అమ్మ కూడా అంతే. టికెట్ గుద్దించకుండా రైలెక్కదు, రైలు పోయినా సరే" అన్నాడు. "నువ్వు రూలు పాటించావు. తప్పు ట్రైనుది."

రిఫరీ సాయంత్రం అన్న మాట మాత్రం నేను చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. రూలు అని ఒకటి ఉందని, దానివల్లే పోయిందని అనుకుంటే అతనికి కాస్త నిమ్మళంగా ఉంటుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నిమ్మళం కావాల్సింది నాకు. ముందురోజు పులిహోర డబ్బా ఇంకా క్లబ్బు ఫ్రిజ్‌లోనే ఉంది, తెచ్చి పెట్టాను. గెలిస్తే పెడతానన్న మాట గుర్తున్నా ఏమీ అనకుండా, పల్లీలు ఏరుకోకుండా మొత్తం తిన్నాడు.

వెళ్లేదాకా పది రోజులూ ఫ్రెంచి చెప్పడం మానలేదు. కట్టడానికి రాకెట్లు లేవు, అయినా వచ్చి కూర్చునేవాడు. పాయింట్ల కోసం నేను రాయాల్సిన ఫ్రెంచి పరీక్షలో స్నేహితుణ్ణి ఏదో ఒక పనికి ఒప్పించాలి, అదొక ప్రశ్న. అతను స్నేహితుడిలా నటిస్తూ ప్రతిదానికీ కుదరదనేవాడు, నేను బతిమాలాలి. ఒకరోజు టెన్నిస్ ఆడ్డానికి రమ్మని బతిమాలాను. కుదరదన్నాడు. నటిస్తున్నాడనే అనుకుని ఇంకా బతిమాలాను. అతను కిటికీలోంచి కోర్టు వైపు చూస్తూ, "వద్దు, ఇంకో ప్రశ్న అడుగు" అన్నాడు. ఆ తర్వాతి సోమవారం అతని పాయింట్లు పోయాయి. ఆ వారాంతంలో అతనూ వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు మాంట్రియల్ వెళ్లి పరీక్ష రాశాను. మౌఖికంలో ఎదురుగా కూర్చున్నావిడ నవ్వి, "మీది ఇక్కడి ఫ్రెంచి కాదు. ఎవరు నేర్పారు?" అంది. టెన్నిస్ ఆటగాడన్నాను. "పేరున్నవాడేనా?" అంది. కాదన్నాను. ఆ ఒక్క మాట ఎంత తేలిగ్గా వచ్చేసిందో, బయటికొచ్చి మెట్రో మెట్ల మీద కూర్చుండిపోయాను. మార్కులు బాగా వచ్చాయి. ఆ పాయింట్లతోనే నాకు పీఆర్ వచ్చింది. ముప్ఫై దాటినందుకు పోయినవన్నీ అతని ఫ్రెంచి తిరిగి తెచ్చిపెట్టింది.

అంతకుముందు ఎన్నోసార్లు టెన్నిస్ ర్యాంకుల పేజీలో అతని పేరు కొట్టి చూశాను. మొదట పన్నెండొందల చిల్లర వచ్చేది. తర్వాత పేరు వచ్చి, ర్యాంకు ఉండాల్సిన చోట ఖాళీ. పీఆర్ వచ్చిన రోజు ధైర్యం చేసి అతనికి మెసేజ్ పెట్టాను, ఫ్రెంచిలో. నువ్వు చెప్పిన ఫ్రెంచి వల్లే వచ్చిందని రాశాను. రిఫరీ మాట ఈసారైనా రాద్దామనుకున్నాను. మంచి వార్తలో అదెందుకని ఆపేశాను.

అక్కడ వాళ్ల బావ టైర్ల షాపు మధ్యాహ్నం మూసే వేళకి జవాబు వచ్చింది. టైర్ల గుట్ట ముందు నిలబడిన ఫొటో, కాస్త లావయ్యాడు. కింద ఒకే వాక్యం. "భలే! ఈసారి సంతకం టైముకే పెట్టావా?"

అతను వేళాకోళానికే అన్నాడు. నేను అతను నేర్పిన ఫ్రెంచిలోనే, ఒక్క తప్పు లేకుండా, పెట్టానని రాశాను.